పొయ్యిలోకి ఏం పెడతారని అడిగిన సారు

ఆదివారం పొద్దున మా ఆఫీసు జీపు పాత డ్రైవర్ ఫోన్ చేసి "సారు పోయినాడు మేడమ్" అన్నాడు. "ఏ సారు?" అని అడిగాను. మా ఇద్దరికీ తెలిసిన సారు ఒక్కరే. అయినా అడిగాను.

"మన కట్టెల సర్వే సారే మేడమ్. తిరుచానూరులో పూలు బేరం చేస్తా చేస్తా కూలబడిపోయినాడంట. ఆస్పత్రికి తీసకపోయేలోపలే అయిపోయిందంట."

నేను అతని మీద కోప్పడ్డాను. శుక్రవారం నాతో అరగంట మాట్లాడిన మనిషి ఎట్లా పోతాడయ్యా, సరిగ్గా కనుక్కుని చెప్పు అని కసిరి ఫోన్ పెట్టేశాను. వెంటనే సారు నంబరుకు చేశాను. మోగింది. హమ్మయ్య అనుకున్నాను. ఆయన కూతురు ఎత్తింది. ఏడుపు తప్ప ఇంకేమీ వినపడలేదు.

పది రోజులైంది. ఇప్పటికీ నాకు ఇది తప్పుడు కబురనే అనిపిస్తోంది. ఆ శుక్రవారం ఆయన మామూలుగానే చిరాకు పడుతూ మాట్లాడారు. కొత్త సర్వేకు అచ్చేసిన ఫారం వచ్చిందట. "ఇంట్లో ఏ ఇంధనం వాడతారు, ఒకటే టిక్కు పెట్టండి అని ఏసినారమ్మా. గ్యాసు బండ వంటగదిలో ఉంటాది, కట్టెల పొయ్యి ఇంటెనక ఉంటాది. ఒక టిక్కును రెండు తావుల్లో ఎట్ట పెట్టేది?" అన్నారు. నేను నవ్వాను. సోమవారం ఇద్దరం కలిసి కొత్తవాళ్ళకు పాఠం చెప్పాలి. "సోమవారం మీకు ఒక మాట చెప్పాలి సార్" అన్నాను. "ఇప్పుడే చెప్పరాదా?" అన్నారు. "ఎదురుగా ఉండి చెప్పాల్సిన మాట సార్" అన్నాను. పన్నెండేళ్ళు దాచిన మాటకు ఇంకో మూడు రోజులు ఆగితే ఏమవుతుందిలే అనుకున్నాను.

ఆయన ఎవరో తెలియని వాళ్ళకు చెప్పాలి. పల్లెల్లో ఏ ఇంట్లో ఎంత కట్టె కాలుతుంది, ఎంత బొగ్గు కాలుతుంది, అది ఎక్కడి నుంచి వస్తుంది అని ఇల్లిల్లూ తిరిగి తూకం వేసి రాసే సర్వే ఒకటి పన్నెండేళ్ళ కిందట మా చిత్తూరు వైపు జరిగింది. దానికి ఆయన సూపర్‌వైజర్. నేను ఆయన కింద వివరాలు రాసుకునే పిల్లను. డిగ్రీ అవగానే దొరికిన మొదటి ఉద్యోగం.

మాది తిరుపతి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. తెలుగు నేను బడిలో నేర్చుకున్నాను, క్లాసులో నాకే ఎక్కువ మార్కులు వచ్చేవి. ఆ పొగరు బాగా ఉండేది. ఫారంలో 'వంటచెరకు' అని అచ్చేశారు. వంటకు వాడే కట్టెలను పుస్తకాల్లో అలాగే అంటారు. ఆ మాట నాకు ముచ్చటగా అనిపించింది. పూతలపట్టు చుట్టుపక్కల పల్లెల్లో గడపగడపకూ పోయి "మీరు నెలకు వంటచెరకు ఎంత వాడతారు?" అని స్పష్టంగా అడిగాను. చెరుకు పండించి బెల్లం వండే సీమ అది. "మాకు చెరుకు తోట లేదు మా" అన్నారు ఒకరు. "గానుగ ఆడించి శానా ఏండ్లాయె" అన్నారు ఇంకొకరు. నేను 'లేదు' అని రాసుకుంటూ పోయాను. నాలుగు రోజులు, ఇంటి తర్వాత ఇల్లు, అన్నీ సున్నాలే. మా పల్లెలు ఎంత బాగుపడ్డాయో అని సంతోషించాను కూడా.

సారు ఆ కాగితాలు పూతలపట్టు కూడలిలో బస్సు కోసం నిలబడి చూశారు. తిడతారేమో అనుకున్నాను. ఆయన రోడ్డుకు అటువైపు చెయ్యి చూపించి "ఆ ఇంటెనక ఏందమ్మా అది?" అన్నారు.

"పొగ సార్."

"నీ కాగితంలో ఆ ఇంటికి సున్నా ఉండాది. మరి పొగ యాడిది?"

నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి పోయారు. ఆ ఇంటామె పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. సారు కూడా ఆమెకు కాస్త దూరంలో నేల మీద గొంతుక్కూర్చుని "పొయ్యిలోకి ఏం పెడతావక్కా?" అని అడిగారు. అంతే. ఆమె నోరు ఆగలేదు. మామిడి తోటలో నరికేసిన కొమ్మలు, వాన పడితే కొబ్బరి మట్టలు, చెనక్కాయల కాలంలో పొట్టు, ఏమీ దొరక్కపోతే గట్టు మీది ముళ్ళకంప అని చెప్పుకుంటూ పోయింది. చివర్న నావైపు చూసి "ఈ పాప నన్ను చెరుకు అడిగిందే. చెరుకును పొయ్యిలో పెట్టేంత ఉన్నోళ్ళమా సామీ మేము?" అంది. సారు పగలబడి నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ ఇళ్ళన్నీ మళ్ళీ తిరిగాను. ఆయన నాతో తిరిగారు. ఆయన సంచిలో కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసు ఎప్పుడూ ఉండేది. ఆ కొక్కెం విప్పి జేబులో వేసుకునేవారు, దాని తుప్పు అంటి తెల్ల చొక్కాల జేబులన్నీ ఎర్రబడేవి, ఇంట్లో సారు భార్య దానికి రోజూ సణిగేవారట. కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. తూకం అయ్యాక కట్టెలను ఎక్కడివక్కడ, ఎలా ఉన్నవి అలా పేర్చి పెట్టేవారు. "తూకమేసి కొనుక్కపోతావా సార్?" అని ఆడవాళ్ళు ఆట పట్టిస్తే "లేదక్కా, బరువు సెప్పి మళ్ళా నీకే ఇస్తా" అనేవారు. ఇంటికి ఇన్ని మోపులు అని ఎవరైనా రాసుకొస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "మోపు కొలత కాదు. మోసే మనిషి మెడ ఎంత ఓర్సుకుంటే అంత" అని వెనక్కి పంపేవారు. "నెలకెంత అని అడగొద్దండి, ఎవురికీ తెలీదు. నిన్న ఏం మండిందో అడగండి" అనేవారు. కళ్ళతో చూడని అంకె ఒక్కటి కూడా ఆయన రాయలేదు, మమ్మల్ని రాయనివ్వలేదు.

ఇక నా మాట చెప్పేస్తాను. సత్యవేడు దాటి, తమిళనాడు అంచున ఒక చిన్న పల్లె మా జాబితాలో చివరిది. పద్దెనిమిది ఇళ్ళు. బస్సు దిగాక చాలా దూరం నడవాలి. మండే ఎండ, అక్కడ మాట్లాడేది తమిళం, అప్పటికే రాసిందే రాసి విసిగిపోయి ఉన్నాను. సగం దారిలో ఒక చెట్టు కింద కూర్చుని, నీళ్ళు తాగి, వెనక్కి వచ్చేశాను. ఇంట్లో కూర్చుని పక్క ఊరి కాగితాలు ముందు పెట్టుకుని, ఒకచోట అరకిలో పెంచి, ఒకచోట తగ్గించి, పద్దెనిమిది ఇళ్ళూ నింపేశాను.

సారు అవి తిరగేస్తూ "ఈ పల్లెలో ఏం మండతా ఉండాదమ్మా?" అని అడిగారు.

"మామిడి కొమ్మలు సార్. పక్క ఊర్లో మాదిరే."

ఆయన నన్ను ఒక నిమిషం చూసి "అట్నా" అన్నారు. కాగితాలు సంచిలో పెట్టుకుని "టీ తాగుదాం రా" అన్నారు. బతికిపోయాననుకున్నాను.

బతికిపోలేదు. తర్వాత ఏటా కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా ఆయన నన్ను చూపించి, ఆ చెరుకు సున్నాల కథ చెప్పి "ఈయమ్మ ఒక్కసారి తప్పు రాసింది. ఆ మీదట ఎప్పుడూ రాయలేదు" అని చెప్పేవారు. నేను తల దించుకునేదాన్ని. అందరూ అణకువ అనుకునేవారు. ఆయన చెబితేనే నాకు పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. 'కళ్ళతో చూడనిది రాయొద్దు' అని ఆయన మాటనే నేను పిల్లలకు చెబుతూ వచ్చాను, చెప్పిన ప్రతిసారీ వాళ్ళ కళ్ళలోకి చూడలేక బోర్డు వైపు తిరిగేదాన్ని. ఇక చాలు, సోమవారం చెప్పేద్దాం అనుకున్నాను. ఆ సోమవారం రాలేదు.

కబురు తెలిసిన ఆదివారమే వాళ్ళింటికి పోయేసరికి ఆయన్ను తీసుకెళ్ళిపోయారు. వరండా మెట్టు మీద కూర్చున్నాను. ఏడుపు రావడం లేదు. కాళ్ళకు చూస్తే రెండు వేరువేరు చెప్పులు. డ్రైవర్ శ్మశానం నుంచి వచ్చి, తల మీద నుంచి నీళ్ళు కారుతుండగానే నా పక్కన కూర్చున్నాడు. ఎవరో ఒకరికి చెప్పకపోతే ఊపిరి ఆడేలా లేదు. "ఆ సత్యవేడు పల్లెకు నేను పోలేదు. ఉత్తినే రాసిచ్చాను" అన్నాను.

అతను నావైపు వింతగా చూసి "అది మాకు తెలుసు కదా మేడమ్" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"సారు నన్ను తోడుకోని రెండు ఆదివారాలు పోయినాడు ఆడికి. ఆడ మామిడి చెట్టు యాడుండాది మేడమ్? అది బొగ్గులు కాల్చే పల్లె. బట్టీలో సగం కాలి మిగిలిన మొద్దులే వాళ్ళ పొయ్యిల్లోకి. మీరు మామిడి కొమ్మలు అన్ననాడే సారుకు తెలిసిపోయింది. మీ కాగితాలు తీసి ఆ బట్టీలోనే ఏసేసినాడు. పద్దెనిమిది ఇండ్లూ తూకమేసి కొత్తగా రాసినాడు."

"నాతో ఎందుకు అనలేదు?"

"నేనూ అడిగినా. ఆ పిల్ల తిరగరాసి తిరగరాసి అలిసిపోయుండాది లేబ్బా, ఎవురికీ చెప్పొద్దు అన్నాడు."

"ఆ కాగితాల కింద, రాసినవాళ్ళ పేరు ఉండేచోట, ఎవరి పేరు పెట్టారు?" అని అడిగాను.

"మీ పేరే మేడమ్. తూకమేసి ఏసి సారుకు మోచేతుల దాకా నల్లగా అయిపోయింది, చొక్కా అంతా మసి. అంకెలన్నీ ఆ చేతుల్తోనే రాసినాడు. మీ పేరు రాసేటప్పుడు మటుకు లేచిపోయి, బోరింగు కాడ చేతులు కడుక్కోని, పంచెకు తుడుచుకోని వచ్చి రాసినాడు."