సల్ఫా బిళ్ళలూ బాలింత దాహమూ

1944 వేసవి చివర్లో అనకాపల్లిలో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రికి అసిస్టెంటు మెడికల్ ఆఫీసరుగా చేరాను. ఊళ్ళో కొందరు పెద్దలు చందాలు వేసుకుని నడిపే ఆసుపత్రి అది. నా పై ఆఫీసరు విశాఖపట్నంలో ఉండేవారు. వారానికొకసారి వచ్చి సంతకాలు పెట్టి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో డాక్టరునీ నేనే, తిట్లు తినేదాన్నీ నేనే. నాది ఎల్.ఎం.పి. చదువు, అంటే డిగ్రీ డాక్టర్లకు ఒక మెట్టు కింద ఉండే లైసెన్సు. ఆ ఒక్క మెట్టునూ నాకు గుర్తుచేసేవాళ్ళకు ఎప్పుడూ కొదవలేదు.

నాకు మొదటినుంచీ కుదురు తక్కువ. మందు రాశాక అది పనిచేసిందో లేదో తెలిసేదాకా ఒకచోట కూర్చోలేను. వరండాలో ఆ కొసనుంచి ఈ కొసకు తిరుగుతూ ఉంటే కాంపౌండరు ఖాదర్ సాహెబు మందుల కిటికీలోంచి చూసి, "కూకోండమ్మా, గచ్చు అరిగిపోతాది" అనేవారు. ఆయన నాకంటే చాలా పెద్దవారు, అనకాపల్లివారే. మిక్చర్లు కలపడంలో మంచి చెయ్యి.

అప్పట్లో మా మందుల బీరువా చూస్తే ఇప్పటి డాక్టర్లు జాలిపడతారు. క్వినైను ఉండేది. అది మలేరియా క్రిమిని రక్తంలోనే పట్టుకుని చంపుతుంది. ఆస్పిరిన్ ఉండేది. అది నొప్పినీ వేడినీ తగ్గిస్తుంది గాని జ్వరం ఎందుకొచ్చిందో దాని జోలికి పోదు. బ్రోమైడు నరాలను జోకొడుతుంది. డిజిటాలిస్ అలిసిపోయిన గుండెను నెమ్మదిగా, గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది. ఒక్కొక్క మందుది ఒక్కొక్క దారి. ఊళ్ళోవాళ్ళకు మాత్రం అన్నీ ఒక్కటే. చేదుగా ఉంటే మంచి మందు, లేకపోతే డాక్టరమ్మ రంగునీళ్ళు ఇచ్చింది.

వీటన్నిటిలో నేను తాళం వేసి దాచుకున్నవి సల్ఫా బిళ్ళలు. యుద్ధం వల్ల సరుకంతా సైన్యానికి పోతోంది. మాకు వచ్చేది అరాకొరా. బాలింత జ్వరానికి అంతకుముందు మా దగ్గర మందన్నదే లేదు. కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో చలితో జ్వరం మొదలై, కడుపు ఉబ్బి, నాడి పరుగెత్తి, నిక్షేపంలాంటి బాలింతలు కళ్ళముందే పోయేవారు. సల్ఫా వచ్చాక ఆ జ్వరం దిగడం కళ్ళారా చూశాను. మొదటిసారి చూసినప్పుడు గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

సల్ఫా పనిచేసే తీరు చిత్రమైనది. క్రిమి పెరగాలంటే దానికి ఒక పదార్థం కావాలి. సల్ఫా అచ్చం ఆ పదార్థంలాగే కనిపించి దాని చోట్లో దూరిపోతుంది. క్రిమి మోసపోతుంది. వెంటనే చావదు గాని సంతానం పెంచుకోలేదు. ఉన్నవాటి పని మన రక్తంలో తెల్లకణాలు చూసుకుంటాయి. అందుకని రక్తంలో మందు శాతం తగ్గనివ్వకూడదు. నాలుగు గంటలకొకసారి, రోగి నిద్రపోతున్నా లేపి వెయ్యాలి. ఇక పని అయ్యాక ఆ మందు బయటికి పోయే దారి మూత్రపిండాలు. అక్కడ నీరు చాలకపోతే మందు గడ్డకట్టి ఇసకరేణువుల్లా తయారై మూత్రం దారి మూసేస్తుంది. అందుకే ప్రతి మోతాదుతోనూ పెద్ద గ్లాసెడు నీళ్ళు తాగించాలి. తోడుగా సోడా ఉప్పూ పొటాషియం సిట్రేటూ కలిపిన మిక్చరు ఇవ్వాలి. ఆ మిక్చరు మూత్రాన్ని క్షారంగా మార్చి, మందు కరిగే ఉండేలా చూస్తుంది.

వానలు మొదలైన కొత్తలో, ఊరి చివర పేటనుంచి అప్పారావనే కుర్రవాడు వచ్చాడు. వాళ్ళది బెల్లం వండే ఇల్లు. భార్య నూకాలుకు తొలి కాన్పు, ఇంట్లోనే మంత్రసాని చేతిమీదుగా అయింది. ఆడపిల్ల. మూడో రోజున చలిజ్వరం. నేను వెళ్ళి చూశాను. అనుమానం లేదు, అదే జ్వరం. ఆసుపత్రికి తీసుకురమ్మన్నాను. అత్తగారు పైడమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, పురుడు వెళ్ళకుండా బాలింత గడప దాటదని చెప్పేసింది. ఎంత చెప్పినా వినలేదు. సరే, ఇంట్లోనే వైద్యం అన్నాను. బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చి, వేళలు చెప్పి, నీళ్ళు ఎక్కువగా తాగించాలని రెండుసార్లు చెప్పాను. ఆవిడ రెండుసార్లూ తల ఊపింది. ఖాదర్ సాహెబు మిక్చరు సీసాకు మోతాదు గుర్తులుగా కత్తిరించిన కాగితం పట్టీ అంటించి ఇచ్చారు.

మర్నాడు వెళ్తే జ్వరం కొంచెం దిగింది. మందులు వేళకు వేస్తున్నారా అంటే, "ఏత్తన్నామమ్మా, ఒక్కటీ తప్పనేదు" అంది పైడమ్మ. అది నిజమే. ఆ ఇంట్లో బిళ్ళ వేళ తప్పలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాతి రోజు ఉదయం అప్పారావు పరుగెత్తుకొచ్చాడు. "జొరం దిగిపోనాదమ్మా. గాని నిన్న సందేలనుంచి దానికి ఒంటికి ఎల్లనేదు. నడుం నొప్పని మెలికలు తిరిగిపోతంది" అన్నాడు. మూత్రం ఆగిపోయిందన్నమాట. ఖాదర్ సాహెబును కూడా రమ్మని, దొరికిన జట్కా ఎక్కి వెళ్ళాం.

నూకాలు పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. నాలుక చెక్కలా ఉంది. గూట్లో మిక్చరు సీసా చూశాను. మందు ఇంకా పట్టీలో అన్నిటికంటే పైనున్న గుర్తు దగ్గరే ఉంది. ఒక్క మోతాదు కూడా దిగలేదు. బిళ్ళలు ఎలా మింగించారని అడిగాను. మింగించలేదట. నూరి, తేనెలో రంగరించి నాకించారట. మందుకు అనుపానం తేనె కాక మరేముంటుందని పైడమ్మ నన్నే ఎదురడిగింది. మరి నీళ్ళు? బాలింతకు నీళ్ళేమిటి, ఒళ్ళు పొంగిపోదూ అంది పైడమ్మ. పొద్దున ఒక ఉగ్గుగిన్నెడు కాచిన నీళ్ళు, మాపటికి ఒక ఉగ్గుగిన్నెడు. అంతే. మిక్చరు తను నాలుక మీద వేసుకుని చూసిందట. చల్లగా తగిలిందట. చలవ మందు బాలింతకు పడదని పక్కన పెట్టేసింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోడల్ని చేతులారా చంపుకుంటున్నావని నోరు పారేసుకున్నాను. ఆవిడ బెదరలేదు. నెమ్మదిగానే జవాబు చెప్పింది.

"నాకు ముగ్గురు పిల్లలు పుట్టినారమ్మా. మాయత్త నాకు సుక్క సల్నీల్లు పొయ్యనేదు. నాను బతికే వున్నాను గదేటి?"

ఆవిడ ఎదుట నిలబడి మాట్లాడుతోంది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి ఆవిడకు? ఆ పద్ధతిలో పోయినవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పరు.

బయటికి వచ్చి వాకిట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. నా ముందున్న చిక్కు ఇది. బిళ్ళలు ఆపకపోతే మూత్రపిండాలు పూర్తిగా మూసుకుపోతాయి. ఆపితే రక్తంలో మందు తగ్గి, క్రిములు మళ్ళీ పెరిగి జ్వరం తిరగబెడుతుంది. రెండు దారుల్లోనూ పోయేది నూకాలే. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్దామంటే రైళ్ళనిండా సైన్యమే, పైగా పెట్రోలు కరువు రోజులు. బొగ్గుగ్యాసుతో నడిచే బస్సు ఎప్పుడు బయల్దేరుతుందో, ఏ చెరువుగట్టు మీద ఆగిపోతుందో ఆ డ్రైవరుకే తెలీదు. ఆ కుదుపులకు ఈ పిల్ల తట్టుకోలేదు. బిళ్ళలు ఆపడానికే నిశ్చయించుకున్నాను. కాని నీళ్ళు లోపలికి వెళ్తేనే ఆ నిశ్చయానికి అర్థం. నీళ్ళ చెంబు మాత్రం పైడమ్మ చేతిలో ఉంది. నేను పోయించి వెళ్ళినా, నా వెనకే ఆపేస్తుంది.

వాకిట్లో బెల్లం వండే పెనం బోర్లించి ఉంది. లోపలికి వెళ్ళి పైడమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాను. పాకం ముదిరితే ఏమవుతుందని అడిగాను. "పలుకు కట్టేత్తాది. ఇంకేటవుద్ది?" అంది, ఈ మాత్రం తెలీదా అన్నట్టు. నీ కోడలి నడుంలో, మూత్రం తయారయ్యే చోట, నా మందు అలాగే పలుకు కట్టిందన్నాను. అది కరగాలంటే నీళ్ళు తప్ప ఇంకో దారి లేదన్నాను. ఆవిడ కోడలి నడుం వైపు చూసింది. అర్థమైంది. అయినా చన్నీళ్ళు అనేసరికి మొహం ముడుచుకుంటోంది. అప్పుడు నేను మాట మార్చి, పోనీ, బాలింతకు ఏ నీళ్ళయితే పడతాయో నువ్వే చెప్పు అన్నాను.

"వాముకాసిన నీల్లయితే పడతాయి. అవి నీల్లు కావు గదమ్మా, మందు."

"ఎంతదాకా ఇవ్వొచ్చు?"

"ఎంతయినా ఇయ్యొచ్చు. దానికేటి లెక్క?"

మూత్రపిండానికి కావలసింది నీరు. అందులో వాము ఉడికిందా లేదా అన్నది దానికి పట్టదు. వెంటనే పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టించాను. ఖాదర్ సాహెబు సోడా ఉప్పు కొలిచి అందులోనే కలిపారు. పైడమ్మ అది చూసింది. వాముతో కలిసింది కాబట్టి కాబోలు, ఏమీ అనలేదు. తానే చెంబు పట్టుకుని కోడలి తల ఎత్తి తాగించింది. నూకాలు మొదటి చెంబు ఊపిరి తీసుకోకుండా తాగేసింది. ఆ గుటకల చప్పుడుకు పైడమ్మ మొహం తిప్పుకుంది.

మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. నేను ఆసుపత్రికి వెళ్ళి రోగుల్ని చూసి మళ్ళీ వచ్చాను. అప్పటికీ లేదు. నడుం నొప్పి అలాగే ఉంది. ఒళ్ళు మళ్ళీ వెచ్చబడుతోంది. నుదుటి మీద చెయ్యి వేస్తూ, తీస్తూ, వాకిట్లోకి వెళ్తూ వస్తూ ఉన్నాను. ఇంకో పూట చూసి బస్సుకే ఎక్కించాలి అనుకున్నాను. పొద్దు వాలుతుండగా లోపలినుంచి పైడమ్మ కేక వేసింది. ఇత్తడి గిన్నెలో అడుగంటేటంత మూత్రం, ఇటుకపొడి రంగులో ఉంది. నాకు అంతకంటే అందమైన రంగు ఆ రోజుల్లో కనిపించలేదు. చీకటి పడేలోగా మళ్ళీ వచ్చింది. ఈసారి ఎక్కువ, తేటగా.

అప్పటికి జ్వరం నూటొకటి దాటింది. మోతాదు తగ్గించి బిళ్ళలు మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి తేనె లేదు. బిళ్ళతో పాటు చెంబెడు వాము నీళ్ళు. పైడమ్మ అది కూడా ఒక్క వేళా తప్పనివ్వలేదు. ఆ వారం చివరికి జ్వరం పూర్తిగా పోయింది. నూకాలు బతికింది.

పురిటి స్నానం అయ్యాక పైడమ్మ ఒక్కతే ఆసుపత్రికి వచ్చింది. చాలాసేపు బల్ల మీద కూర్చుంది. రోగులందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చింది.

"శానా ఏల్ల కిందట మా పెద్దపిల్ల తొలి పురిటికి మాయింటికే వచ్చిందమ్మా. ఇదే జొరం. నీల్లు, నీల్లు అనే పోనాది. నాను ఇయ్యనేదు. ఇచ్చుంటే బతికీదా?"

అప్పటికి ఈ బిళ్ళలు లేవని, నీళ్ళు ఇచ్చినా ఆ జ్వరానికి బతికేది కాదని చెప్పాను. అది నిజం. నీళ్ళు ఇచ్చి ఉంటే కనీసం దాహంతో పోయేది కాదన్నది కూడా నిజమే. ఆ మాట నేను అనలేదు. ఆవిడ తల ఊపి, కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో, ఏ దారిన బయటికి పోతుందో మాకు చదువులో నేర్పారు. ఆ దారి తెరిచేదీ మూసేదీ చెంబు పట్టుకున్న మనిషని నేర్పలేదు. ఆ తర్వాత సర్వీసు పూర్తయ్యేదాకా, బాలింతకు ఏ మందు రాయాలన్నా ముందు అత్తగారినో తల్లినో పిలిచి, ఈ పిల్లకు ఏం తాగిస్తున్నారు, ఎంత తాగిస్తున్నారు అని అడిగాను. జవాబు విన్నాకే మందు రాశాను.