కుప్పం మండపంలో నీళ్ల దారి

మదనపల్లెలో బెంగళూరు బస్సులు ఆగే వీధిలో, మేడమీది చిన్న గదిలో కూర్చొని హుమా కంప్యూటరులో కట్టడాల నమూనాలు గీస్తుంది. ఒకప్పుడు నా వద్ద తెలుగు చదువుకొన్న పిల్ల. వాన కురిసిన దినాన సంధిసూత్రాలను విడిచి, వరండాలో నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ నిలిచిపోయేది. నేను లోపలికి పిలిచేవాణ్ణి. సంధి మాత్రం రెండు ప్రవాహాల కలయిక కాదా అంటే, అవును. ఆ ప్రసంగానికి ఇది సమయం కాదు.

ఇంజనీరు రాజగోపాల్ మొదటిసారి ఒక భవనాన్ని పూర్తిగా ఆమె చేతికి అప్పగించాడు. కుప్పంలో గురుమూర్తి కట్టిస్తున్న కల్యాణ మండపం అది: కింద పెళ్లివేదిక, మీద భోజనశాల. చేతులు కడుక్కొనే తొట్ల చుట్టూ మాత్రమే నేలకు వాలు ఇచ్చి, తక్కినదంతా సమతలంగా గీసింది హుమా. హుమావాళ్ల ఇండ్లలో పెళ్లివిందుకు దస్తర్ఖాన్ పరుస్తారు. చెంబూ పళ్లెమూ కూర్చున్న చోటికే వస్తాయి. తిన్న తరువాత గుడ్డ ఎత్తి దులుపుతారు. నేల కడగవలసి వస్తుందని ఆమెకు తోచనే లేదు.

గురుమూర్తి భార్య నవనీత తెరమీది బొమ్మను చూసి నవ్వింది.

"పంక్తి లేసినాక నేలంతా బక్కెట్లతో కడగాల గదమ్మా. నడాన నిలిసిన నీళ్లు ఎవురు తోసేది, పెండ్లికొడుకా?"

హుమా నేలనంతటినీ వాల్చింది. స్లాబు మొత్తం పలకలాగా ఒరిగింది; దానితో కింది మండపం పైకప్పు కూడ ఒరిగింది. పీటలమీద కూర్చున్నవారు తల ఎత్తితే గుండె జారవలసిందే. కమ్మీలు కట్టేవారు సోమవారమే వస్తారని రాజగోపాల్ గుర్తుచేశాడు.

"కుదరకపోతే సెప్పమ్మా, బెంగళూరోళ్లకు ఇచ్చేస్తా."

ఆయన కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకొన్నదని తరువాత నాతో చెప్పింది.

తన వల్ల కాలేదని నవనీతకు స్వయంగా చెప్పివద్దామని మరునాడు కుప్పం బయలుదేరింది. పుంగనూరు దాటిన తరువాత కునుకు పట్టీ పట్టనట్లున్న వేళ, కిటికీ అవతల ఒక కుంట కనిపించింది. పైన నీరు అద్దంలా సమంగా ఉన్నది. అడుగున నేల వాలి ఉన్నది. గట్టు దగ్గర లోతు తక్కువ, నడుమ ఎక్కువ. అరనిద్రలో ఆ కుంట మెల్లగా తలకిందులైందట. వాలు పైకి వచ్చింది. సమతలం కిందికి పోయింది.

ఆమె కుప్పంలో దిగి, నవనీతను చూడకుండానే తిరుగు బస్సు ఎక్కింది. కంప్యూటరులో స్లాబును పొరలుగా విడదీసి, పై పొర ఒక్కటే మందం మార్చుకొనేటట్లు అమర్చింది. నీళ్లు దిగిపోయే తూము దగ్గర స్లాబుకు కావలసిన మందాన్ని ముట్టుకోలేదు. గోడలవైపు మాత్రం పెంచింది. కింది కప్పు కదలలేదు. పెరిగిన బరువును లెక్క చూసుకొని రాజగోపాల్ తల ఊపాడు.

నేల సిద్ధమైన నాడు నన్నూ పిలిచారు. నవనీత దూరపు మూలలో బక్కెట కుమ్మరించింది. నీరు ఒక క్షణం ఆలోచించినట్లు ఆగి, వెడల్పుగా సాగి, ఎండను మోసుకొంటూ తూమువైపు నడిచింది. కింద నిలబడి కప్పును చూస్తున్న గురుమూర్తి, అంతా సమంగానే ఉండాదని కేక వేశాడు.

"పెండ్లికొడుకు బతికిపోయినాడులేమ్మా," అన్నది నవనీత.

హుమా చెప్పులు విడిచి ఆ నీళ్ల వెంట నడుస్తూ ఉన్నది. బస్సుకు వేళయింది. నేను పిలవలేదు.