అవ్వ కుండలో నా గుప్పెడు

ఉదయం ఆరున్నరకు నాంపల్లిలో తాండూరు వైపు పోయే బండెక్కాను. మూడో తరగతిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఆ రోజుల్లో నేను ఒక వారపత్రికకు ఊరూరి భోజనాల గురించి రాసేవాణ్ణి. పదేళ్ళుగా హోటళ్ళ సాంబారులో ఉప్పూ పులుపూ తేల్చిచెప్పి బతికాను. నా నాలుక మీద నాకు పొగరు కూడా ఉండేది. ఈసారి మాత్రం సంపాదకుడు ఖరాఖండిగా చెప్పాడు: "హోటలు పేరు, సందు, వెల ఉండాలి. పాఠకులు వెళ్ళి తినాలి. లేకపోతే శీర్షిక ఆపేస్తా." ఇంట్లో నలుగురి తిండి ఆ శీర్షిక మీదే నడుస్తోంది.

తొమ్మిదికి వికారాబాద్. ఇంజనుకు నీళ్ళు పట్టేలోగా దిగి రెండు మిరపకాయ బజ్జీలు తిని, చాయ్ తాగాను. బజ్జీలు ఫరవాలేదు, చాయ్ మాత్రం ఘోరం. అక్కడ ఎక్కిన, దోమ అనే ఊరి రైతు నేను పోయే పని విని నవ్వాడు.

"హోటళ్ళెందుకు సార్? తాండూరుల ఒక అవ్వ ఉంటది. ఆమె పప్పు తినుండ్రి, మస్తుంటది" అని పేరు, సందు చెప్పాడు.

పదిన్నరకు తాండూరు. ధాన్యం అమ్మే గంజ్ అంతా కంది బస్తాల బండ్లే. బండ్లవాళ్ళు తెలుగూ కన్నడమూ కలిపి ఎద్దుల్ని అదిలిస్తున్నారు. అవ్వ ఇంటి ముందు వాళ్ళే వరసగా నిలబడి, ఇంట్లో తిరగలిలో విసిరి తెచ్చుకున్న కందిపప్పు తలా గుప్పెడు చాటలో పోస్తున్నారు. అన్నీ ఒకే కుండలో ఉడుకుతాయట.

"నాకూ భోజనం కావాలవ్వా, డబ్బులిస్తాను" అన్నాను.

"పైసలు రొట్టెలకియ్యి. పప్పుకు పప్పే పొయ్యాలె. నువ్వేం తెచ్చినవ్ కొడుకా?"

ఏం తెచ్చాను? ఒక కలం, ఒక నోటుపుస్తకం. బజారులో కొనుక్కొస్తానంటే తల అడ్డంగా ఊపింది. "కొన్నది ఒద్దు. ఎవని చేనుదో ఏమెరుక?"

సిగ్గుతో వెనక్కి తిరిగాను. వరసలో ఉన్న ముసలి బండాయన తన మూట విప్పి ఇంకో గుప్పెడు పోశాడు. "గిది సారుది అవ్వా. జర పెట్టు."

ఒంటిగంటకు పంక్తిలో కూర్చున్నాను. వేడి జొన్నరొట్టె, పప్పు, పచ్చిమిరప నూరిన తొక్కు. అబ్బ, ఏం పప్పు! వెన్నలా మెదిగి, పొయ్యి పొగ వాసన పట్టి, ప్రతి ముద్దకూ కాస్త వేరే కమ్మదనం. నాలుగు రొట్టెలు లాగించాను. వంక పెడదామన్నా దొరకలేదు.

"ఎట్లుంది సార్ మన పప్పు?" అన్నాడు బండాయన. చివరి రొట్టెముక్కతో ఆకు తుడిచి చూపించాను.

లేస్తూ, పత్రికలో రాస్తానని అవ్వతో గొప్పగా చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది.

"రాయకు కొడుకా. పట్నపోళ్ళు ఒట్టి చేతులతోటి వస్తరు. పొమ్మనలేను. అందరికీ పెట్టలేను. గీ బండ్లోళ్ళు యాడ తినాలె?"

నాలుగింటి బండిలో తిరుగు ప్రయాణం. ఒళ్ళో కాగితం పెట్టుకుని గబగబా రాశాను, పేరూ సందుతో సహా. వికారాబాద్‌లో బండి ఆగింది. ఇల్లు గుర్తొచ్చి చాలా భయమేసింది. అయినా పేరూ సందూ ఉన్న ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను.

ఆ వారంతోనే శీర్షిక ఆగిపోయింది. పదేళ్ళలో నేను తిన్న ప్రతి చోటికీ పాఠకులకు దారి చెప్పాను. అక్కడికి మాత్రం చెప్పను. అక్కడ నన్నెవరూ హోటలుకొచ్చిన గిరాకీ అనుకోలేదు.