ఐదు వేల రాడ్లు, నలభై గ్రేలు

మా అక్కది నారాయణరావుపేట. నేను సిద్దిపేటలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట అక్కకు ఎడమ రొమ్ములో గడ్డ వస్తే హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్ చేసి, ఇరవై ఐదు రోజులు కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను మా వైపు కరెంటు పెట్టడమనే అంటారు. అది అయ్యాక ఆమె మళ్లీ మగ్గం ముందు కూర్చుంది, ఇద్దరు పిల్లలను పెంచి పెద్దచేసింది. పోయిన ఏడాది కుడివైపు గడ్డ తేలింది.

ఈసారీ హైదరాబాదులోనే ఆపరేషన్ అయినంక, కరెంటు పెట్టే డాక్టరమ్మ తన చీటీ రాసిచ్చి, పాత కాగితం ఉంటే తెమ్మంది. అక్క బట్టల పెట్టె అడుగు నుంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టిపెట్టినదాన్ని తీసి నా చేతికిచ్చింది. మడతల దగ్గర చిరిగిన ఆ కాగితం మీద ఐదు వేల రాడ్లు అని ఉంది. డాక్టరమ్మ చీటీలో నలభై గ్రేలు అని ఉంది.

ఐదు వేలెక్కడ, నలభై ఎక్కడ? యూనిట్లు వేరైతే అంకెలను పోల్చకూడదని పిల్లలకు ప్రతి ఏడూ చెప్పేవాణ్నే. అక్క ఒంటి సంగతి వచ్చేసరికి నా కళ్లకు అంకెలే కనిపించాయి. అప్పుడు మోతాదు మించి పెట్టారేమో, రెండో గడ్డ అందుకే వచ్చిందేమో అనుకున్నాను. ఇది చూస్తే డాక్టరమ్మ ఇక కరెంటు పెట్టనంటుందేమోనని ఇంకో భయం. ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

"పాత కాగితం దొరికిందా?" అని దవాఖానలో డాక్టరమ్మ అడిగింది.

"లేదు మేడం, ఎక్కడో పోయింది" అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసింది. "ఎక్కడ పోయింది తమ్మీ? పొద్దుగాల నీ జేబుల పెట్టుకోలేదా?"

తీసి ఇవ్వక తప్పలేదు. డాక్టరమ్మ చదివింది గానీ ముఖంలో ఏ మార్పూ లేదు. నేనే భయపడుతూ అడిగాను, "ఐదు వేలు చాలా ఎక్కువ కదా మేడం?"

"వంద రాడ్లు కలిస్తే ఒక గ్రే సార్. ఐదు వేల రాడ్లంటే యాభై గ్రేలు. అప్పటోళ్లు కిలోలల్ల రాసిన్రు, మేం క్వింటాళ్లల్ల రాస్తున్నం, గంతే. కాగితం ఎందుకు అడిగిన్నంటే, రెండు జాగలు పక్కపక్కనే ఉన్నయి. పాతది పడ్డ జాగ మీద కొత్తది పడకుండ చూసుకోవాలె. మీరు దాచిపెడితే నాకెట్ల తెలుస్తది?"

సిగ్గుతో తల వంచుకున్నాను. అయినా ఒక అనుమానం మిగిలింది. అప్పుడు యాభై పెట్టి, ఇప్పుడు నలభైతో ఎందుకు సరిపెడుతున్నారు? రోజులను పదిహేనుకు తగ్గించి, రోజుకు కొంచెం ఎక్కువ పెడతారని ఆమె వివరంగానే చెప్పింది. అర్థమైనట్టు తలూపాను.

మొదటి రోజు మిషన్ గది బయట అక్క కార్డు చూశాను. రోజుకు రెండు వందల అరవై ఏడు అని ఉంది. పదిహేను రోజులతో గుణిస్తే నాలుగు వేల ఐదు. నలభై అన్నది నాలుగు వేలు ఎట్లయింది? అక్కను లోపలికి తీసుకుపోతున్న టెక్నీషియన్‌కు అడ్డంగా నిలబడ్డాను.

"ఆగండి, ఇందులో తప్పుంది!"

అతను కార్డు చూసి, "గ్రే ముందట చిన్న 'సి' ఉంది సూడుండ్రి సార్. సెంటీగ్రే. నూరు సెంటీగ్రేలు ఒక గ్రే" అన్నాడు. మీటర్లూ సెంటీమీటర్లూ చెప్పే పంతులుకు.

"అంటే ఒక సెంటీగ్రే, పాత రాడ్ ఒకటేనా?"

"ఒకటే సార్."

మరి ఒకటే అయినప్పుడు పాత పేరు తీసేసి కొత్తది ఎందుకు పెట్టారో అడుగుదామనుకున్నాను.

"ఏందిరా, కూరగాయలు బేరమాడినట్టు గీ పంచాయితీ? నన్ను లోపటికి పోనీ" అంది అక్క. పక్కకు జరిగాను.

ఆ సాయంత్రం సిద్దిపేట బస్సులో ఆమెకు అంతా విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విని, "అప్పటిది యాభై, ఇప్పటిది నలభై. రెండు కలిపితే తొంభై పడ్డట్టేనారా నాకు?" అంది.

"అట్ల కలపరాదక్కా. ఇది వేరే జాగ, అది వేరే జాగ."

"జాగలు వేరే గానీ పాణం ఒక్కటే కద?"

యూనిట్లు ఒకటే అయ్యాక కూడా ఎందుకు కలపకూడదో నాకు చెప్పరాలేదు.

పదిహేను రోజులూ గడిచాయి. చంక కింద చర్మం నల్లబడి, పొట్టులేచి, మెల్లగా మానింది. మూడు నెలలకు డాక్టరమ్మ చూసి బాగానే ఉందంది. అక్క మళ్లీ మగ్గం ముందు కూర్చుంది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లకు, "అప్పుడు రాడ్లు పెట్టిన్రు, గిప్పుడు గ్రేలు పెట్టిన్రు" అని చెబుతుంటుంది. వాళ్లు ఇనుప రాడ్లే అనుకుని "అమ్మో!" అంటారు. నేను పక్కనే ఉన్నా సరిదిద్దను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక.