అక్క ఊపిన తువ్వాలు

విమానంలోని ఆ మనిషి అక్కను చూశాడా? పక్కింటి అక్క పోయిందని మొన్న కబురు వచ్చినప్పుడు, ఏళ్లుగా మోస్తున్న ఈ ప్రశ్నే ఏడుపు కంటే ముందు వచ్చింది. దాన్ని నాతో కలిసి మోసిన మనిషి ఇక లేదు.

సముద్రపు ఒడ్డునున్న ఆ ఊరి బడికి నేను పంతులమ్మగా వెళ్లిన కొత్తలో, అక్క నా వాకిట్లో చేపల గంప దించి లోపలికి తొంగిచూసింది. "అంత చదువు చదివి ఒక్కదానివే తింటన్నావే పంతులమ్మా! ఆ చదువొచ్చి వడ్డిస్తాదా?" అని తనే వడ్డించింది. మొగుడు సముద్రంలో పోయినాక ఆమెదీ ఒంటి కంచమే.

ఒడ్డునున్న సరుగుడు తోటలకు పురుగు పట్టిన ఏడాది విమానంతో మందు చల్లించారు. తోట చివర కూలీలు తెల్లగుడ్డలు ఎత్తి పట్టుకుంటే, ఆ వరస చూసుకుని విమానం కిందికి దిగేది. ఊరంతా వింతగా చూస్తున్నాం. మొదటిసారి రెక్క మేం నిలబడ్డ వైపు తాటిచెట్ల మట్టలను రాసుకుంటూ పోయింది. అది తిరిగి వస్తుంటే అక్క ముందుకు ఉరికి, భుజం మీది తెల్ల తువ్వాలు తలపైన గిరగిరా తిప్పింది. అలలు పెద్దవిగా ఉన్నాయి, పడవను ఒడ్డుకు తేవద్దని ఆ ఊళ్లో దానికి అర్థం. విమానం నడిపేవాడికి తెల్లగుడ్డంటే ఇటు రమ్మని. విమానం ఇటే వచ్చింది. తాటిచెట్టుకు తగిలి సరుగుడు తోటలో కూలింది. ఆయన బతకలేదు.

వచ్చిన అధికారులు గాలి మళ్లిందన్నారు. ఊళ్లోవాళ్లు అక్కను పల్లెత్తు మాట అనలేదు. ఆమే నన్ను అడుగుతుండేది.

"చదువుకున్నదానివి, చెప్పు పంతులమ్మా. నన్ను చూసినాడా?"

"ఎట్లా తెలుస్తుందక్కా? కూలీల గుడ్డలూ అక్కడే ఉన్నాయి గదా."

"ఉన్నాయిలే. నేనుగూడా ఉండానే."

తర్వాత ఆమె ఎవరికీ గుడ్డ ఊపలేదు. కార్తీకంలో ఒక సాయంత్రం ఆమె తమ్ముడి పడవ ఒడ్డువైపు తిరిగింది. అలలు ఇంటెత్తు లేస్తున్నాయి. అక్కడ మేమిద్దరమే. తువ్వాలు నా చేతిలో కుక్కి, "నువ్వు ఊపు. నా చెయ్యి మంచిది కాదు" అంది. ఊపాను. పడవ అలలకు బయటే ఆగింది.

"ఈగలు తోలినట్టు ఊపినావే! వాడు నవ్వుకోనుంటాడు" అని తనూ నవ్వింది. అయినా సముద్రం తగ్గి పడవ ఇసుక తాకేదాకా, రెండు చేతులూ చంకల్లో బిగించుకునే నిలబడింది.

చూడలేదక్కా అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆ చేతులు బయటికి వచ్చేవేమో. లేక, నేనూ ఊరికే ఓదార్చేదాన్నేనని నా గడప తొక్కడం మానేసేదేమో. ఏది మంచిదో నేనిప్పటికీ తేల్చుకోలేదు.