అరవాటాకి అర వల

బంగార్రాజు వస్తుంటే ఎవరైనా ముందు వాడి చేతులకేసే చూసేవారు. హవాయి చెప్పులు చేతులకి తొడుక్కుని, అరచేతుల మీద బరువు మోపి, ఒళ్ళంతా ముందుకి ఈడ్చుకుంటూ ఇసుకలో వచ్చేవాడు. పోలియోతో చచ్చుపడిన కాళ్ళు వెనకాల వచ్చేవి.

నేను అప్పట్లో బందరు నుంచి మంగినపూడి దగ్గరున్న ఒక చేపల పల్లెకి ఐసు తోలేవాణ్ణి. ఐసు దించాక పడవలు వచ్చేదాకా పనుండేది కాదు. సరుగుడు నీడన కూర్చుని బంగార్రాజు వల బాగుచెయ్యడం చూసేవాణ్ణి. మిగతావాళ్ళు చిరిగిన వలని కాలి బొటనవేలికి తగిలించి బిగించుకుంటారు. వీడికి ఆ వీలు లేదు. ఇసుకలో ఒక కర్ర పాతి, వల కొస దానికి చుట్టి, రెండో కొస పళ్ళతో పట్టుకునేవాడు. ఇక చేతులు ఆడటం మొదలయ్యేది. తల దూరేంత కంత మన కళ్ళెదుటే పూడిపోయేది. అక్కడ ఒకప్పుడు చిరుగుండేదంటే కొత్తగా వచ్చినవాడు నమ్మడు. నేను గుళ్ళో కూడా అంత నిశ్శబ్దంగా కూర్చున్న పాపాన పోలేదు.

ఒడ్డునే ఉండి వలలు చూసుకునే ఇంతటి పనివాడికి పడవ రాబడిలో దక్కేది అరవాటా.

ఆ పద్ధతేమిటో చెప్పాలి. చేపలు అమ్మగా వచ్చినదాంట్లో డీజిల్ ఖర్చు తీసేసి, పడవకీ వలకీ ఒక భాగం యజమాని తీసుకున్నాక, మిగిలింది పనివాళ్ళంతా సమానంగా పంచుకుంటారు. ఇళ్ళలో కూరకని ఉంచుకున్న చేపల్ని కూడా అదే లెక్కన ఇసుకలో కుప్పలు పోస్తారు. కొత్తగా వేటకెళ్ళే కుర్రాడికి అర కుప్ప. పని వంటబట్టాక వాడికీ నిండు వాటా వస్తుంది. బంగార్రాజుకి పని వంటబట్టి ఏళ్ళు గడిచి, వాడి దగ్గర సూది పట్టడం నేర్చుకున్న కుర్రాళ్ళు కూడా నిండు వాటాకి ఎక్కేశారు. వాడు మాత్రం అరవాటాలోనే ఉండిపోయాడు.

ఊరంతా వాణ్ణి చూసి "పాపం" అనేది. పాపమన్నవాడెవడూ ఒక్క చేప ఎక్కువ వేసింది లేదు. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది. ఈ విషయంలో మా బందరు ఏం తక్కువ తినలేదు. గిల్టు నగల పనిలో చెవిటి పిల్ల పొద్దస్తమానం గొలుసులకి మెరుగు పెడితే కూలి సగం, పని ఇచ్చిన పుణ్యం మాత్రం యజమానికి పూర్తిగా.

రెండువేల మూడు వేసవిలో, చేపల వేట నిషేధం రోజుల్లో, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. పడవ యజమాని శోభనాద్రి తన పెద్ద వలని బాగుచెయ్యమని బంగార్రాజుకి అప్పగించాడు. నిషేధం అయిపోయే ముందురోజు పనివాళ్ళందరూ వల తీసుకోవడానికి వచ్చారు. మర్నాటికి ఐసు ఎంత కావాలో కనుక్కుందామని నేనూ వెళ్ళాను.

వల విప్పారు. సగం దాకా కొత్తదానిలా ఉంది. అక్కడి నుంచి చిరుగులు చిరుగుల్లాగే ఉన్నాయి.

"ఇదేంట్రా?" అన్నాడు శోభనాద్రి.

"అరవాటాకి అర వల, మావయ్యా."

అందరికన్నా ముందు నేనే పెద్దగా నవ్వాను. తరవాత పనివాళ్ళూ నవ్వారు. శోభనాద్రి నవ్వలేదు.

"మరి మిగతా సగం?"

"నిండు వాటా అన్నాక మొదలెడతాను."

"నిన్ను పన్లో ఉంచుకోవడమే గొప్పరా! నిండు వాటాకి కాళ్ళూ చేతులూ బాగున్నవాళ్ళు క్యూ కడతారు. అర కాబట్టి నిన్ను పెట్టుకున్నాను. రేపు ఇంకొకణ్ణి చూసుకున్నానంటే నీకు ఆ అరా ఉండదు, తెలుసా?"

అది బెదిరింపు కాదు, జరిగే పనే. అందుకే నవ్వు ఆగిపోయింది. బంగార్రాజు వాళ్ళమ్మ చిట్టెమ్మ ఎండుచేపల గంప కిందపడేసి పరిగెత్తుకొచ్చింది.

"నోటికాడ కూడు కాలదన్నుకుంటావేంట్రా? నేను పోయాక నీకు ఎవరు పెడతారు? సగమైనా పెడుతున్నారు కదా, మారాజులు! తప్పయిపోయిందను."

"అడగందే అమ్మైనా పెట్టదంటావు కదే నువ్వే. అడుగుతున్నాను, అంతే."

ఏడుస్తున్న చిట్టెమ్మని చూసి శోభనాద్రి మెత్తబడ్డాడు. నిజానికి ఆయన చెడ్డవాడేం కాదు. "సరేలేరా, ఏడిపించకు ఆవిణ్ణి. తక్కువైన సగం నా భాగంలోంచి వేస్తాను. ఇక వల పట్టు," అన్నాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఎవడైనా అంతటితో దణ్ణం పెట్టి ఊరుకుంటాడు. వీడు తల అడ్డంగా ఊపాడు.

"వద్దు మావయ్యా. అది మీ దయ. మీకు నామీద కోపమొచ్చిన రోజున పోతుంది. నా వాటా అందరి కుప్పలోంచే రావాలి."

అందరి కుప్పలోంచి అంటే అందరికీ కాస్త కాస్త తగ్గుతుంది. ఇందాక నవ్వినవాళ్ళు మొహాలు చూసుకున్నారు. పడవ నడిపే సరంగు గంగన్న ముందుకి వచ్చాడు. బంగార్రాజుకి వరసకి బావ, చిన్నప్పుడు వాణ్ణి వీపున ఎక్కించుకుని సముద్రం చూపించినవాడు. తొంభైలో వచ్చిన తుఫానుకి గంగన్న తమ్ముడు వేటకెళ్ళి తిరిగిరాలేదు.

"బావా, నీ పనికి వంక పెట్టను," అన్నాడు గంగన్న. "కానీ ఒడ్డున కూర్చున్నవాడికీ నీళ్ళమీదకెళ్ళినవాడికీ ఒకటే వాటా అయితే, మావాడు ఎందుకు పోయినట్టు? వాడి ప్రాణానికి విలువ లేదా?"

చిట్టెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బంగార్రాజు చేతులకున్న చెప్పులు తీసి పక్కన పెట్టాడు.

"ఉంది బావా. అందుకే చెబుతున్నాను. నీళ్ళమీదకెళ్ళినందుకు మీకు ముందే వేరుగా తియ్యండి. ఎంతో మీరే అనుకోండి, నేను నోరెత్తను. ఇన్నాళ్ళూ దానికి ఎవడూ ఏమీ ఇవ్వలేదు మీకు. అది తీశాక మిగిలేది పనికి. ఆ పనిలో నేను సగం చెయ్యట్లేదు. ఇళ్ళకి పంచే కూర చేపలు తినడానికి. తినడంలోనూ నేను సగం కాదు. నీ తమ్ముడి పేరు చెప్పి నా చేతుల్ని సగం చెయ్యొద్దు, బావా. వాడుంటే ఒప్పుకోడు."

తనకి సగం ఇచ్చేవాళ్ళ కోసం, వాళ్ళెన్నడూ అడగనిది, వీడు అడుగుతున్నాడు. అదీ తన వాటా చేతికి రాకముందే! బందరులో కూలి గురించి ఉపన్యాసాలు చాలానే విన్నాను, కానీ అవతలివాడి బాధకి కూడా చోటు తీసి మాట్లాడిన మనిషిని అదే చూడటం. నేలమీద కూర్చున్నవాడు నాకు తలెత్తి చూడాల్సినంత ఎత్తున కనిపించాడు.

గంగన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ తువ్వాలు చాలాసేపు మొహం మీదే ఉంచుకున్నాడు. తరవాత శోభనాద్రి వైపు తిరిగాడు.

"వాడు చెప్పినట్టు తీద్దాం మావయ్యా. వాడికి నిండు వాటా వెయ్యకపోతే నేను సరంగుగా రాను. ఇంకొకణ్ణి చూసుకోండి."

సరంగు లేకుండా పడవ కదలదు. శోభనాద్రి అందరి మొహాలూ చూశాడు, ఎవరూ కాదనలేదు. "అందరూ ఒకటయ్యాక నేనేం చేస్తానురా!" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేకపోవడం చూసి నాకు ఇంకా ఆశ్చర్యమేసింది. బంగార్రాజు అప్పటికే వల ముందుకి లాక్కుని పళ్ళతో కొస అందుకున్నాడు. గంగన్న ఎదురుగా చతికిలబడి దారం ఎక్కించి ఇచ్చాడు. ఆ ఏడు అన్ని పడవలకన్నా ఒకరోజు వెనక శోభనాద్రి పడవ వేటకెళ్ళింది.

మొదటి వేట పడవ ఒడ్డుకి చేరిన రోజున నేను ఐసు దించేసి కూడా వెళ్ళిపోలేదు. కుప్పలు పోస్తున్నది గంగన్న. ఒక్కో కుప్ప దగ్గర ఒక్కో పేరు పిలుస్తున్నాడు. బంగార్రాజు పేరు పిలిచాక చిట్టెమ్మ గంప తెచ్చి కూర్చుంది. చేపలు ఒక్కొక్కటే గంపలో వేసుకుంది. కుప్ప సగానికి వచ్చాక ఆగి, మిగిలినవాటిని రెండు చేతులతో పోగుచేసి, పక్క కుప్పలోకి నెట్టేసింది.

"ఇది మాకు ఎక్కువొచ్చింది బాబూ," అంది గంగన్నతో.

ఎవరూ నవ్వలేదు. గంగన్న మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చేపల్ని తీసి గంపలో వేశాడు. "ఎక్కువ రాలేదు అత్తా. అంతా వాడిదే."

చిట్టెమ్మ గంపలోకి చూసింది. దూరంగా పళ్ళతో వల బిగించి పట్టుకున్న కొడుకుని చూసింది. గంప ఎత్తుకోబోయి, ఎత్తుకోలేక, మళ్ళీ ఇసుకలో కూలబడింది. పక్కనున్నది నేనే కాబట్టి నాతోనే అంది.

"కన్నదాన్నయ్యా. నేను కూడా వాణ్ణి సగమనే అనుకున్నాను."