బురైమి నుంచి మస్కట్‌కి, ఒళ్ళో డోలక్‌తో

ఒమన్ వదిలి శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోయే మనవాళ్ళు ఆఖరి రోజు మస్కట్‌లో ఖురం బజార్లలో తిరిగి పెట్టెలు నింపుకుంటారు. మేము మాత్రం ఆ రోజంతా కారులోనే గడిపాం. సరిహద్దు ఊరు బురైమిలో ఉన్న నలుగురు నర్సుల కుటుంబాలకి చెప్పి రాకుండా విమానం ఎక్కనని మావారు పట్టుబట్టారు. అందుకని మంగళవారం వెళ్ళి, రాత్రి అక్కడే ఉండి, బుధవారం పొద్దున్నే బయల్దేరి సముద్రం పక్కగా మస్కట్ వచ్చి, అటునుంచి అటే విమానాశ్రయానికి వెళ్ళేలా ఏర్పాటు చేసుకున్నాం. ఇలా వెళ్ళాలనుకునే వాళ్ళకి పనికొస్తుందని దారి అంతా రాస్తున్నాను.

ముందు మా సంగతి కాస్త చెప్పాలి. పదకొండేళ్ళ కిందట పాలకొల్లు దగ్గరి మా సంఘం మావారిని మిషనరీగా అక్కడికి పంపింది. మిషనరీ అనగానే మా ఊరివాళ్ళు అడవులూ పడవలూ ఊహించుకున్నారు. అక్కడ ఆయన చేసిందల్లా మస్కట్‌లో చర్చి కాంపౌండ్‌లో తెలుగు ఆరాధన నడపడం, ఆసుపత్రుల్లో డ్యూటీలు చేసే మన అమ్మాయిల్నీ, సైట్లలో పనిచేసే మన కుర్రాళ్ళనీ చూసి రావడం, ఎవరికైనా జ్వరమొస్తే నాచేత రసం పెట్టించి పట్టుకెళ్ళడం. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధనా శుక్రవారమే. మా షారోనుకి ఇప్పుడు పన్నెండేళ్ళు, ఒడిలో పిల్లగా వచ్చింది. దానికి బైబిలంటే శుక్రవారం, ఆదివారమంటే లెక్కల హోంవర్కు.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. తిరిగొచ్చిన మిషనరీ మొదటి ఆదివారం అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. చివర్లో పెద్దల్లో ఎవరో ఒకరు లేచి, "మొత్తం ఎంతమంది వచ్చారండీ ప్రభువులోకి?" అని అడిగి తీరతారు. ఆ ప్రశ్నే మావారికి నెల్లాళ్ళుగా కంటి మీద కునుకు లేకుండా చేసింది. ఎందుకంటే ఆయన దగ్గర జవాబు లేదు. మా ఆరాధనకి వచ్చినవాళ్ళంతా ఊళ్ళోనే బాప్తిస్మం తీసుకుని విమానం ఎక్కినవాళ్ళు. ఆ దేశంలో ఒకరిని మతం మార్చబోవడం కుదరదు, ఆయన స్వభావమూ అది కాదు. అయినా ఉత్త చేతులతో వెళ్తున్నాననే బెంగ మాత్రం ఆయన్ని వదల్లేదు. రాత్రిళ్ళు అద్దం ముందు నిలబడి సాక్ష్యం మొదలుపెట్టేవారు, "ప్రియమైన సంఘమా" దగ్గరే ఆగిపోయేవారు. నేను నవ్వితే కోపం వచ్చేది.

బురైమిలో తెల్లవారేసరికి మంచు పట్టి ఉంది. దీపాలింకా ఆర్పని వీధులు, మసీదు నుంచి పిలుపు, ఏదో ఇంట్లోంచి సాంబ్రాణి వాసన. కళ్ళు తెరిచే ఉన్నా నిద్రలో నడుస్తున్నట్టే ఉంది నాకు. గంగారాం అప్పటికే కారు తుడిచి నిలబడి ఉన్నాడు. గంగారాంది నిజామాబాద్ వైపు పల్లె. మస్కట్‌లో ఒక కంపెనీలో డ్రైవరు. మా కోసం రెండ్రోజులు సెలవు పెట్టి, స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. నుదుట బొట్టు, చేతికి ఎర్రదారం. ఆరేళ్ళ కిందట జ్వరంతో ఉన్న తన రూమ్మేట్‌ని మా దగ్గరికి తీసుకొచ్చి, మూలన పడున్న డోలక్ చూసి, "దీన్ని గిట్ల పండవెట్టిండ్రేందమ్మా?" అని తాళ్ళు బిగించి వాయించాడు. ఊళ్ళో భజనల్లో నేర్చుకున్న చెయ్యి. ఆ శుక్రవారం నుంచి మా పాటలన్నిటికీ అతనే దరువు. ఆ డోలక్ మా సంఘం మమ్మల్ని సాగనంపుతూ ఇచ్చింది. అందుకే తిరిగి అప్పగించాలని మావారు దాన్ని బెడ్‌షీటులో చుట్టి షారోను ఒళ్ళో పెట్టారు.

బురైమి దాటి సోహార్ వైపు కొండల్లోకి వెళ్ళాక చెక్‌పోస్టు వస్తుంది. పాస్‌పోర్టులు డిక్కీలో పెట్టుకోకుండా చేతికందేలా ఉంచుకోండి, మేము పెట్టెలన్నీ దింపి వెతకాల్సి వచ్చింది. సొంత కారు లేనివాళ్ళకి బురైమి నుంచి మస్కట్‌కి ప్రభుత్వ బస్సు ఉంది, మనిషికి నాలుగైదు రియాళ్ళు. కారులో ఎక్కడా ఆగకపోతే నాలుగు గంటల దారి. మనవాళ్ళ ఇళ్ళలో ఆగితే మాత్రం రోజంతా పడుతుంది. ఆ కొండల మధ్య మంచు విడుతుంటే రాళ్ళు ముందు నీలంగా, తర్వాత గులాబీరంగుగా, ఆఖరికి మామూలు మట్టిరంగుగా తేలాయి. పదకొండేళ్ళూ ఒక మధ్యాహ్నం కునుకులా అనిపించింది. కళ్ళు తెరిస్తే పాలకొల్లులోనే ఉంటానేమో అనుకున్నాను.

సోహార్ దగ్గర ఒక మలయాళీ కొట్టు ముందు చాయ్ తాగాం. కప్పు నూటయాభై బైసాలు (వెయ్యి బైసాలు ఒక రియాలు), పరాఠా కూడా చవకే. షారోను డోలక్‌ని వదలకుండా కారులోనే కూర్చుని తాగింది.

"నాన్నా, అక్కడ శుక్రవారం ఏం చేస్తారు?" అని అడిగింది.

"బడికెళ్తారమ్మా."

"మరి చర్చి?"

"ఆదివారం."

"మధ్యలో రెండ్రోజులు ఆగాలా?" అంది చాలా అన్యాయం జరిగినట్టు. గంగారాం పకపకా నవ్వాడు. మావారు నవ్వలేదు. ఆదివారం మాట వినగానే ఆయన ముఖం మళ్ళీ ముడుచుకుంది.

అక్కడి నుంచి అల్ సువైక్ గంట ప్రయాణం. ఎడమ పక్క ఖర్జూర తోటలు, వాటి వెనక ఎక్కడో సముద్రం ఉన్నట్టు గాలిలో ఉప్పు. సువైక్‌లో మా సునీత ఉంటుంది. నరసాపురం పిల్ల, అక్కడి ఆసుపత్రిలో నర్సు, మా పాటల బృందానికి పెద్ద గొంతు. నైట్ డ్యూటీ దిగి పడుకోకుండా వంజరం పులుసు పెట్టి కూర్చుంది. ఆమె క్వార్టర్సు పక్క తోట యజమాని, తెల్ల గడ్డం పెద్దాయన, మమ్మల్ని చూసి ఒక డబ్బా ఖర్జూరాలు పట్టుకొచ్చాడు. అక్కడి పెద్దవాళ్ళకి హిందీ బాగానే వస్తుంది. "వాపస్ కబ్?" అని అడిగాడు. ఇక రావడం లేదని మావారు చెబితే, ఆయన కాసేపు తలూపి, డబ్బా వెనక్కి తీసుకెళ్ళి ఇంకో గుప్పెడు వేసి తెచ్చాడు. నాకు ఏడుపొచ్చింది.

"అదేంటండీ అమ్మగారూ, రెండు ముద్దలు తినేసి లేచిపోతారేంటండీ!" అని సునీత నన్ను మళ్ళీ కూర్చోబెట్టింది. వడ్డిస్తూనే గంగారాం వైపు తిరిగింది. "ఎల్లుండి శుక్రవారం మేవే పాడుకోవాలంటండి. కొత్త పాస్టరుగారొచ్చే దాకా అంతే. మీరొస్తారు కదండీ?"

గంగారాం పళ్ళెంలోకి చూస్తూ, "చూస్తనమ్మా" అన్నాడు. చూస్తనంటే రానని అర్థమని అందరికీ తెలిసింది. బయల్దేరే ముందు సునీత ప్రయాణ ప్రార్థన చేసింది. ఇన్నేళ్ళూ అందరి తల మీదా చెయ్యి పెట్టింది మావారే. ఆ రోజు ఆయన తల వంచుకుని నిలబడితే, నైట్ డ్యూటీ కళ్ళతో ఆ పిల్ల ప్రార్థించింది.

సువైక్ నుంచి బర్కా దాకా మావారు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. ఎండ వెలుగు పలచగా, రోడ్డు మీద నీళ్ళున్నట్టు మెరుస్తోంది. షారోను నిద్రపోయింది. ఉన్నట్టుండి ఆయన అడిగారు.

"గంగారాం, ఆరేళ్ళు వచ్చావు కదా. ఎందుకొచ్చావయ్యా?"

అన్నేళ్ళలో ఆయన అడగని ప్రశ్న అది. గంగారాం రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"ఆరు దినాలు సైటు, రూము, సైటు. రూంల అందరు ఫోన్లు వట్టుకొని ఎవలి గోడ దిక్కు ఆళ్ళు పంటరు. మీ తాన చెయ్యికి పని దొరికింది సార్. ఇంటికాడి లెక్కనే అనిపిచ్చింది." తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంకోటి చెప్తె ఏమనుకోరు గద? మొదట్ల నాకు భయం ఉండె. ఇయ్యాల కాకుంటె రేపన్న నన్ను మారుమంటరు అనుకుంటుంటి. అడిగినుంటె గప్పుడే బందు వెడ్తుంటి. మీరు ఒక్కదినం గూడ అడగలే. బొట్టు తీయమనలే. అన్నం తిన్నవా అనే అడిగిండ్రు. గందుకే వచ్చిన."

మావారు జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆ తుడవడం ఖురం దాకా సాగింది.

బర్కా వైపు నుంచి వచ్చేవాళ్ళకి విమానాశ్రయం ముందే వస్తుంది, ఖురం దాన్ని దాటాక. అయినా షారోను ఆఖరిసారి సముద్రం చూడాలంది కాబట్టి ఖురం వెళ్ళి వెనక్కి వచ్చాం. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ ఆ దారి కిక్కిరిసి ఉంటుంది, అదనంగా గంట చేతిలో పెట్టుకోండి. ఇసుకలో నలుగురం చెప్పులు విప్పి నిలబడ్డాం. నీళ్ళు పొగరంగులో ఉన్నాయి. ఆ ఒడ్డు మొత్తం మెల్లగా ఎటో తేలిపోతున్నట్టుంది. షారోను డోలక్ మీద ముసుగు తీసి, "అంకుల్, ఒక్కసారి" అంది. గంగారాం అటూ ఇటూ చూసి, వేళ్ళతో మెత్తగా, అల సద్దు మించకుండా వాయించాడు.

విమానాశ్రయం ముందు పెట్టెలు దించాక మావారు డోలక్ తీసి గంగారాం చేతుల్లో పెట్టారు.

"ఇది నీ దగ్గర ఉండనీ."

"మీ సంగపోల్లకు ఇయ్యాలె గద సార్?"

"వాళ్ళకి నేను చెప్పుకుంటాలే."

గంగారాం దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. "అయితె శుక్రవారం నేను రావాల్నంటరా?"

"నేను అడగనుగా" అన్నారు మావారు. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఇద్దరూ నవ్వడం మానేశారు. మేము లోపలికి వెళ్ళే దాకా అతను అక్కడే ఉన్నాడు.

గురువారం తెల్లారి హైదరాబాద్‌లో దిగి, రాత్రికి పాలకొల్లు చేరాం. మర్నాడు లేచి తలస్నానాలు చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, బైబిళ్ళు పట్టుకుని ముగ్గురం చర్చికి నడిచాం. తలుపుకి తాళం ఉంది. గంట కొట్టే ఏసుపాదం బాబాయి చీపురు పట్టుకుని మా ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు.

"వందనాలండి అయ్యగారూ! ఏంటండీ, ఇయ్యాల శుక్రవారమండీ!"

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పదకొండేళ్ళ అలవాటు కాళ్ళని నడిపించి తెచ్చేసింది. సిగ్గేసి, నవ్వొచ్చి, మెట్ల మీదే కూలబడ్డాం. బాబాయి కూడా పక్కన కూర్చుని, "మన డోలక్ ఏదండీ?" అని అడిగాడు. మావారు నోరు తెరిచేలోపే నా ఫోను మోగింది. సునీత వీడియో కాల్. అక్కడ మనకంటే గంటన్నర వెనక, ఆరాధన అప్పుడే మొదలవుతోంది. "సూడండి అమ్మగారండీ" అని ఫోను అటు తిప్పింది. మూలన నుదుట బొట్టుతో గంగారాం. ఒళ్ళో మా డోలక్.

బాబాయి ఫోనులోకి వంగి చూసి, "ఆయనెవరండీ? మనాడేనా?" అన్నాడు.

"మనవాడే బాబాయ్" అన్నారు మావారు. దరువు మొదలైంది. షారోను మోకాళ్ళ మీద చప్పట్లు కొడుతుంటే ఆయన నా చెవి దగ్గరికి వంగి, "ఆదివారం ఏం చెప్పాలో దొరికింది" అన్నారు. "తాళం తియ్యమంటారా అండీ?" అని బాబాయి అడిగితే, అక్కర్లేదని సైగ చేశారు.

ఇంటికి రావడమంటే విమానం దిగడమని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. దేహం గురువారమే వచ్చేసింది. మిగతా నేను ఆ ఖర్జూర తోటల పక్క రోడ్డు మీద, ఆ పొగరంగు నీళ్ళ దగ్గర ఇంకా నెమ్మదిగా నడిచి వస్తూనే ఉన్నాను. తొందరేమీ లేదు. ఒమన్ నుంచి శాశ్వతంగా తిరిగొచ్చే వాళ్ళకి నా సలహా ఒక్కటే: ఇల్లు చేరాక వచ్చే మొదటి శుక్రవారం ఉదయం ఏ పనీ పెట్టుకోకండి. ఫోనుకి ఛార్జింగు మాత్రం నిండుగా పెట్టుకోండి.